ఎన్.జి. రంగా: పార్టీలు మారినా మారని పట్టు

ఆచార్య ఎన్.జి. రంగా (1900–1995) అనగానే పోటీ పరీక్షల అభ్యర్థులు పార్టీల, సంఘాల పేర్లు బట్టీ పడతారు: 1936లో అఖిల భారత కిసాన్ సభ, 1951లో కృషికార్ లోక్ పార్టీ, 1959లో స్వతంత్ర పార్టీ, తర్వాత మళ్లీ కాంగ్రెస్. నిలకడ లేదని తేల్చేయడం తేలికే. కానీ నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రం బోధించి, సొంతూళ్లో రైతాంగ విద్యాలయం నడిపిన ఈ మాస్టారు జమీందారీని ఎదిరించిందీ, 1959 నాగపూర్ కాంగ్రెస్ తీర్మానించిన సహకార సేద్యాన్ని కాదన్నదీ ఒకే కారణంతో: భూమి సాగుదారు చేతుల్లోనే ఉండాలి. ఆయన చూపు సొంత భూమి ఉన్న రైతుమీదే ఆగిందని, కూలీల గోడు వెనకబడిందని విమర్శ ఉంది. అందులో బలముంది. అయితే అది ఆలోచనకున్న హద్దును చూపుతుందే తప్ప, అవకాశవాదాన్ని రుజువు చేయదు.