చలికాలపు కోడిపిల్లలకు వెచ్చదనం ఎంతో గాలీ అంతే

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి రాత్రి చలి ముదురుతుంది కనుక, పెరట్లో కోడిపిల్లలను పెంచేవారు గంపల మీద గోనెసంచులు కప్పడం, షెడ్డు చుట్టూ పరదాలు సందు లేకుండా బిగించడం పరిపాటి. లేత పిల్లలకు చలి ప్రమాదకరమన్నది నిజమే అయినా, ఆ భయంతో గాలి రాకను పూర్తిగా మూసివేస్తే గురకకు, తుమ్ములకు, రొప్పుకు దారి వేసినట్టే అవుతుంది. వేడిని దీపం ద్వారా ఇవ్వాలి, గాలిని పైభాగం నుంచి రానివ్వాలి. ఒకదాని కోసం రెండోదాన్ని వదులుకోకుండా చూడడమే ఈ కాలపు యాజమాన్యానికి మూలసూత్రం.

అమ్మోనియా చేసే హాని

కోడి ఊపిరితిత్తులు మనిషి ఊపిరితిత్తుల మాదిరిగా ఉబ్బి ముడుచుకునేవి కావు. పొట్టలోకి, కొన్ని ఎముకల్లోకి సైతం వ్యాపించిన వాయుకోశాలనే పలుచని సంచులు కొలిమి తిత్తుల్లా గాలిని లాగి వదులుతుంటే, ఆ గాలి ఊపిరితిత్తుల గుండా ప్రవహిస్తుంది. శ్వాసనాళపు లోపలి పొర మీద ఉండే శైలికలు, అంటే కంటికి కనిపించని సన్నని కేశాలు, లోపలికి చేరిన దుమ్మును, క్రిములను జిగురుతో పాటు పైకి నెట్టివేస్తూ రక్షణ కల్పిస్తాయి. రెట్టలోని యూరిక్ ఆమ్లం తడి తగిలినప్పుడు సూక్ష్మజీవుల చర్య వల్ల అమ్మోనియా వాయువుగా మారి ఈ శైలికలను దెబ్బతీస్తుంది కనుక, ఆ తరువాత మామూలు క్రిములు సైతం లోతుకు చేరి జబ్బు కలిగిస్తాయి. రోజూ షెడ్డులో మెలిగేవారి ముక్కు ఆ ఘాటుకు అలవాటుపడిపోతుంది గనుక, తెల్లవారి పరదా ఎత్తకముందే లోపల కూర్చుని, నేలకు జానెడు ఎత్తులో, అంటే పిల్లలు పీల్చే ఎత్తులోనే వాసన చూడాలి. అక్కడ కళ్లు మండితే గాలి చాలడం లేదని అర్థం.

బ్రూడింగు, ఊక

పిల్లలకు కృత్రిమంగా వెచ్చదనం ఇచ్చే పద్ధతిని బ్రూడింగు అంటారు. మొదటి వారం బ్రూడరు కింద సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంచి, తరువాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. పిల్లకు 2 వాట్ల లెక్కన 50 పిల్లలకు 100 వాట్ల బల్బు ఒకటి చాలినా, అది రాత్రివేళ మాడిపోయే అవకాశం ఉన్నందున 60 వాట్ల బల్బులు రెండు అమర్చడం మేలు. పిల్లలు దీపం కింద గుమిగూడితే వేడి చాలలేదని, దూరంగా జరిగి నోరు తెరిస్తే వేడి ఎక్కువైందని, ఒకే పక్కకు ఒత్తుకుంటే ఎదుటి వైపు నుంచి చలిగాలి కొడుతోందని గ్రహించాలి. పరదాను కింది నుంచి మూడొంతుల ఎత్తు వరకే కట్టి పైభాగం వదిలితే, చలిగాలి పిల్లలకు తగలకుండానే తేమ, అమ్మోనియా బయటికి పోతాయి. బొగ్గుల కుంపటి, దోమల కోసం వేసే వేపాకు పొగ శ్వాసనాళాన్ని రేపుతాయి కనుక పిల్లలున్న చోట వాటిని వాడరాదు. మూసిన గదిలో కుంపటి నుంచి వెలువడే విషవాయువు ప్రాణం కూడా తీస్తుంది.

నేల మీద 2 నుంచి 3 అంగుళాల మందాన పొడి వరిపొట్టు పరిచి, నీళ్ల తొట్టి చుట్టూ తడిసిన భాగాన్ని ప్రతిరోజూ తీసి కొత్త పొట్టు వేయాలి. గుప్పెడు పొట్టు తీసి పిసికితే ముద్ద కడుతుందంటే తేమ మితిమీరినట్టు. వాసన తగ్గుతుందని పిల్లలుండగానే సున్నం చల్లడం చాలాచోట్ల కనిపిస్తుంది గాని, సున్నం క్షారగుణాన్ని పెంచి అమ్మోనియాను మరింతగా విడుదల చేస్తుంది. దాన్ని షెడ్డు ఖాళీ చేసిన తరువాత నేలకు, గోడలకు మాత్రమే వాడాలి. బూజు పట్టిన పొట్టును, ముక్కిన దాణాను ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు.

లక్షణాలను బట్టి జబ్బు

బూజులోని ఆస్పర్‌జిల్లస్ శిలీంధ్రం వల్ల మొదటి రెండు మూడు వారాల్లో వచ్చే బ్రూడరు న్యుమోనియాలో పిల్లలు మెడ చాచి నోరు తెరిచి రొప్పుతాయి గాని సాధారణంగా గురక వినిపించదు. చనిపోయిన పిల్లను పరీక్షిస్తే ఊపిరితిత్తుల్లో పసుపుపచ్చని చిన్న బుడిపెలు కనిపిస్తాయి. రాత్రి దీపాలార్పి అలికిడి సద్దుమణిగాక వినిపించే గురగుర, కంటి మూలల్లో నురుగు ఉంటే, తల్లి నుంచి గుడ్డు ద్వారా కూడా సంక్రమించే మైకోప్లాస్మా వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధిని అనుమానించాలి. ముఖం వాచి, ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారడం కొరైజా లక్షణం. ఇది లేత పిల్లల్లో కన్నా ఎదిగిన కోళ్లలో ఎక్కువ. రొప్పుతో పాటు ఆకుపచ్చని విరేచనాలు, మెడ తిరిగిపోవడం, వరుస మరణాలు ఉంటే కొక్కెర తెగులు కావచ్చు; రాణిఖేత్ అనే మరో పేరున్న ఈ వ్యాధి వైరస్ వల్ల వస్తుంది కనుక దీనికి టీకాయే రక్షణ.

5 నుంచి 7 రోజుల వయసులో కంట్లోగాని ముక్కులోగాని ఒక చుక్క లసోటా లేదా ఎఫ్-1 టీకా, నాలుగో వారంలో లసోటా మరొకసారి, 8 నుంచి 10 వారాల మధ్య ఆర్2బి టీకా వేయించాలి. టీకాను 2 నుంచి 8 డిగ్రీల చలువలో ఉంచి, కలిపిన తరువాత గంట రెండు గంటల్లో వాడేయాలి. లసోటా వేసిన తరువాత కొద్ది రోజులు తేలికపాటి తుమ్ములు రావడం సహజం కనుక ఆందోళన చెందనక్కరలేదు గాని, అప్పటికే గురకతో ఉన్న పిల్లలకు పశువైద్యుని అడగకుండా టీకా వేయరాదు.

జబ్బు కనిపించినప్పుడు

గురక పెట్టే పిల్లను వెంటనే వేరుచేసి, ఆరోగ్యంగా ఉన్నవాటి పని ముందు, జబ్బువాటి పని చివర చేసుకోవాలి. యాంటీబయాటిక్ మందులు వైరస్ మీద పనిచేయవు కనుక దుకాణంలో తోచిన మందు కొనడం డబ్బు వృథా. పైగా క్రిములు ఆ మందులకు లొంగని స్థితికి చేరతాయి. ఆహారం కోసం పెంచే పశుపక్ష్యాదుల్లో కొలిస్టిన్ అనే మందును కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది ఈ కారణంగానే. సంక్రాంతి ముందు సంతల్లో కోళ్ల రాకపోకలు పెరుగుతాయి కాబట్టి, కొత్తగా కొన్నవాటిని, ఊరూరా తిరిగి వచ్చిన పుంజులను మూడు నాలుగు వారాల పాటు పిల్లలకు దూరంగా ఉంచాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయిన నేపథ్యంలో, ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చనిపోతే వాటిని ఒట్టి చేతులతో తాకకుండా, కాలువల్లో పారవేయకుండా, మిగిలినవాటిని అమ్ముకోకుండా స్థానిక పశువైద్యశాలకు తెలపాలి. సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోను చేసినా సలహా లభిస్తుంది. వ్యాధి నిర్ధారణ అయ్యేవరకు ఆ షెడ్డులోకి కొత్త పిల్లలను తేకపోవడమే క్షేమం.