పగ, శోకం, పలకరింపు – ఒక స్పైడర్‌మ్యాన్ కథ

పిల్లలూ, సూపర్‌హీరో అనగానే మనకు గుర్తుకొచ్చేది గెలుపు. ఎంత ఎత్తు నుంచి పడుతున్నవారినైనా అతడు చివరి క్షణంలో అందుకుంటాడు, శత్రువు ఓడిపోతాడు, అందరూ చప్పట్లు కొడతారు. ఈసారి మనం చదివే కథలో అలా జరగదు. యాభై ఏళ్ళు దాటినా ఈ కథను పాఠకులు మరచిపోలేదు. ఎందుకో చూద్దాం. మధ్యలో కొంచెం భౌతికశాస్త్రం, చివర కొన్ని తెలుగు మాటలు కూడా నేర్చుకుందాం.

1. కథ

స్పైడర్‌మ్యాన్ మొదటిసారి 1962లో ఒక అమెరికన్ కామిక్ పుస్తకంలో కనిపించాడు. అసలు పేరు పీటర్ పార్కర్. అమ్మానాన్నలు లేరు, పిన్ని మే, బాబాయి బెన్ పెంచారు. ఒక దొంగ చేతిలో బెన్ బాబాయి చనిపోయాడు. ఆ దొంగకు పీటర్ ఎవరో తెలియదు, పీటర్ మీద పగా లేదు. మనం చెప్పుకోబోయే మరణం వేరు. అది తెలిసి, గురి చూసి చేసినది.

కాలేజీలో పీటర్‌కు గ్వెన్ స్టేసీ పరిచయమైంది. చదువులో చురుకైన అమ్మాయి, పోలీసు అధికారి కూతురు. 1965 చివర్లో వచ్చిన 31వ సంచికలో ఆమె మొదటిసారి కనిపిస్తుంది. క్రమంగా ఇద్దరూ ప్రేమించుకున్నారు. పీటరే స్పైడర్‌మ్యాన్ అని మాత్రం ఆమెకు తెలియదు. తన శత్రువులు తనవాళ్ళ జోలికి రాకూడదనే పీటర్ ముసుగు వేసుకుంటాడు. ఆ ముసుగు చాటున ఎవరున్నారో ఒక్క శత్రువుకు తెలిసిపోయింది. అతడే గ్రీన్ గాబ్లిన్, అసలు పేరు నార్మన్ ఆస్‌బోర్న్. పీటర్ స్నేహితుడు హ్యారీకి తండ్రి.

నార్మన్‌కు మతిమరుపు వచ్చి కొన్నాళ్ళు తాను గాబ్లిన్ననే సంగతే మరచిపోయాడు. ఇంతలో హ్యారీ మత్తుమందుల వల్ల మంచాన పడ్డాడు, వ్యాపారంలో నష్టాలొచ్చాయి. ఆ ఒత్తిడిలో పాత జ్ఞాపకాలన్నీ తిరిగి వచ్చాయి. తన కష్టాలన్నిటికీ పీటరే కారణమని అనుకున్నాడు. పీటర్ గదికి వెళ్తే అక్కడ గ్వెన్ ఉంది. ఆమెను ఎత్తుకుపోయి ఒక ఎత్తైన వంతెన స్తంభం మీద ఉంచాడు.

1973 జూన్ తేదీతో వచ్చిన 121వ సంచిక ఇది. కథ రాసింది జెర్రీ కాన్వే, బొమ్మలు వేసింది గిల్ కేన్. స్పైడర్‌మ్యాన్ వచ్చాక గాబ్లిన్ గ్వెన్‌ను వంతెన మీది నుంచి తోసేస్తాడు. పీటర్ సాలెతాడు విసురుతాడు. అది ఆమె కాళ్ళను పట్టుకుంటుంది. ‘కాపాడాను’ అనుకుంటూ సంతోషంగా పైకి లాగుతాడు. చేతుల్లోకి తీసుకునేసరికి ఆమెలో ప్రాణం లేదు.

ఆమె పడుతూ ఆగిన బొమ్మలో, మెడ పక్కన, చాలా చిన్న అక్షరాలతో ఒక శబ్దం రాసి ఉంది. తెలుగులో చెప్పాలంటే ‘పుటుక్’. దాన్ని గమనించని పాఠకులు చాలామంది ఉండి ఉంటారు. గమనించినవారు మాత్రం ఆ పేజీని మళ్ళీ మళ్ళీ తిప్పి చూశారు.

2. పడటం వల్లనా, ఆగటం వల్లనా?

ఆమె నేలను తాకకముందే, అంత ఎత్తు నుంచి పడటం వల్లనే చనిపోయిందని కథలో గాబ్లిన్ అంటాడు. అది నిజం కాదు. గాలిలో పడుతున్నంత మాత్రాన ప్రాణం పోదు. పారాచూట్ దళంవారు విమానం నుంచి దూకి, గొడుగు తెరిచేలోగా ఎంతో దూరం అలాగే పడతారు. ప్రమాదమంతా ఒక్కసారిగా ఆగడంలో ఉంది.

ఒక లెక్క వేద్దాం. ఇవి కామిక్‌లో ఇచ్చిన అంకెలు కావు, మనం అనుకున్నవి. 50 కిలోల మనిషి 90 మీటర్లు పడితే, గాలి నిరోధాన్ని వదిలేస్తే, వేగం సెకనుకు 42 మీటర్లు అవుతుంది. అంటే గంటకు దాదాపు 151 కిలోమీటర్లు. ద్రవ్యవేగం 50 × 42 = 2100. ఈ వేగాన్ని 0.1 సెకనులో సున్నా చేయాలంటే సగటున 21,000 న్యూటన్ల బలం కావాలి. అదే 1.5 సెకన్లలో ఆపితే 1,400 న్యూటన్లు చాలు. కాలం 15 రెట్లు పెరిగితే బలం 15 రెట్లు తగ్గింది.

తొమ్మిదో తరగతి సైన్సులో క్రికెట్ బంతి పట్టే ఉదాహరణ గుర్తుందా? ఫీల్డరు బంతితో పాటు చేతులను వెనక్కి లాక్కుంటాడు. కొండలెక్కేవారి తాడు కొంచెం సాగేలా ఉండటానికీ కారణం ఇదే. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే జేమ్స్ కకాలియోస్ సూపర్‌హీరోల గురించి రాసిన పుస్తకంలో గ్వెన్ మరణాన్నే ఉదాహరణగా తీసుకుని ఇది వివరించారు.

ఇప్పుడు కథ ఇంకా బరువెక్కింది కదా! పగబట్టి తోసింది గాబ్లిన్. కానీ పీటర్ కాపాడాలని విసిరిన తాడే ఆమె మెడకు ప్రమాదమైంది. దోషం ఎవరిది? తోసినవాడిదే, అందులో సందేహం లేదు. అయినా ‘ఇంకోలా చేసి ఉంటే’ అనే ప్రశ్న పీటర్‌ను వదలదు. దగ్గరివారిని పోగొట్టుకున్న చాలామందిని ఇలాంటి ప్రశ్నే వేధిస్తుంది. ‘ముందురోజే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే’, ‘ఆ రోజు ఫోను చేసి ఉంటే’ అంటూ ఉంటారు. తప్పు లేకపోయినా ఈ ప్రశ్న వస్తుంది. వచ్చినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు.

3. పగ తీరితే మనసు చల్లారుతుందా?

122వ సంచికలో పీటర్ గాబ్లిన్‌ను వెతికి పట్టుకుంటాడు. చచ్చేలా కొడతాడు. చంపేసేదాకా వచ్చి, తానేం చేస్తున్నాడో తెలుసుకుని ఆగుతాడు. గాబ్లిన్ మాత్రం ఆగడు. తాను ఎక్కి ఎగిరే యంత్రాన్ని పీటర్ వెనక నుంచి రప్పిస్తాడు. పీటర్ తప్పుకుంటాడు. అది గాబ్లిన్‌కే గుచ్చుకుంటుంది. శత్రువు పోయాడు. అయినా పీటర్‌కు సంతోషం లేదు. లోపలంతా ఖాళీగా ఉంది.

కథ అక్కడితోనూ ఆగలేదు. తండ్రి మరణానికి స్పైడర్‌మ్యానే కారణమని హ్యారీ నమ్మాడు. 1974లో తానే రెండో గ్రీన్ గాబ్లిన్ అయ్యాడు. ఒక పగ నుంచి ఇంకో పగ పుట్టింది.

తెలుగువారికి బాగా తెలిసిన ఒక ఘట్టం ఇక్కడ గుర్తుకొస్తుంది. అశ్వత్థామ రాత్రివేళ శిబిరంలోకి వెళ్ళి, నిద్రపోతున్న ద్రౌపది అయిదుగురు కొడుకులను చంపాడు. తండ్రి ద్రోణుడి మరణానికి ప్రతీకారమది. అర్జునుడు అతణ్ణి బంధించి తెచ్చాడు. పోతన భాగవతం మొదటి స్కంధంలో ద్రౌపది ఆ సమయంలో ఏమంటుందో పెద్ద తరగతులవారు చదివే ఉంటారు. కొడుకుల కోసం తాను ఏడుస్తున్నట్టే అతని తల్లి కృపి ఏడవకూడదని, విడిచిపెట్టమని అంటుంది. తన దుఃఖాన్ని ఆమె చిన్నది చేసుకోలేదు. అది ఎంత పెద్దదో తెలుసు కనుకనే ఇంకొక తల్లికి వద్దంది. చివరికి అర్జునుడు అశ్వత్థామ తల గొరిగి, శిరసు మీది మణిని తీసుకుని, ప్రాణంతో పంపేశాడు. శిక్ష ఉంది, చావు లేదు.

4. రెండో చప్పుడు

122వ సంచిక చివరి పేజీకి వద్దాం. పీటర్ గదికి తిరిగి వస్తే అక్కడ మేరీ జేన్ ఉంది. ఎప్పుడూ నవ్వుతూ, సరదాగా తిరిగే అమ్మాయి. గ్వెన్‌కు స్నేహితురాలు. పీటర్ ఆమె మీద కోప్పడతాడు. నీకు ఎవరి బాధా పట్టదు, పొమ్మంటాడు. ఆమె ఏడుస్తూ తలుపు దాకా వెళ్తుంది. ఒక్క క్షణం ఆగుతుంది. తరువాత లోపలే ఉండి తలుపు మూస్తుంది. ‘టక్’ అని గడియ పడిన చప్పుడు. కథ అయిపోతుంది.

ఆమె ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. వెళ్ళిపోలేదు, అంతే. మొదటి సంచికలో చిన్న చప్పుడుతో ఒక ప్రాణం పోయింది. రెండో సంచికలో ఇంకో చిన్న చప్పుడుతో ఒక మనిషి తోడు నిలిచింది.

దీనికి తెలుగులో చక్కని మాట ఉంది: పలకరింపు. చావు జరిగిన ఇంటికి వెళ్ళడాన్ని మనవాళ్ళు ‘పలకరించి రావడం’ అంటారు. అక్కడ ఎక్కువ మాట్లాడరు. కాసేపు కూర్చుంటారు. కూర్చోవడమే పలకరింపు.

మనకు ఈ పాఠం ఎందుకు? బదిలీల మీద తిరిగే కుటుంబాలు మనవి. తాతయ్య పోయారని ఫోను వస్తుంది, ఊరేమో రెండు రోజుల ప్రయాణం. అక్కడి నలుగురూ ఇక్కడ ఉండరు. యూనిఫాం వేసుకునే ఉద్యోగాల్లో ఉన్నవారి పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. ఎవరికైనా కష్టం రావచ్చు. అలాంటి స్నేహితుడు వారం తర్వాత బడికి వస్తే ఏం మాట్లాడాలో తెలియక మనం దూరంగా జరుగుతాం. అతడు విసుక్కుంటే ఇంకా దూరం పోతాం. మేరీ జేన్‌ను గుర్తు తెచ్చుకుందాం. పక్క బల్ల మీద కూర్చుందాం. రాని పాఠాల నోట్సు ఇద్దాం. టిఫిన్ డబ్బా తెరిచి అతడి ముందుకు జరుపుదాం. సరిపోతుంది.

5. మాటలు నేర్చుకుందాం

పగ – చాలాకాలం మనసులో దాచుకున్న కోపం. (పగబట్టు, పగ తీర్చుకొను)
ప్రతీకారం – చేసిన కీడుకు బదులు కీడు చేయడం.
శోకం – ఆప్తులను కోల్పోయిన దుఃఖం. (పుత్రశోకం)
పరామర్శ – కష్టంలో ఉన్నవారి దగ్గరకు వెళ్ళి మంచిచెడ్డలు అడగడం. పలకరింపు ఇంట్లో వాడే మాట, పరామర్శ పత్రికల మాట.
ధ్వన్యనుకరణం – శబ్దాన్ని పోలిన మాట. ఉదా: పుటుక్కున తెగింది, టక్కున ఆగింది.

6. అభ్యాసం

1. నార్మన్ కష్టాలకు పీటర్ నిజంగా కారణమా? మీ అభిప్రాయాన్ని అయిదు వాక్యాల్లో రాయండి.
2. ద్రౌపది మాటలను హ్యారీ విని ఉంటే ఏమనుకునేవాడు? ఇద్దరి మధ్య సంభాషణ రాయండి.
3. సెకనుకు 20 మీటర్ల వేగంతో పడుతున్న 40 కిలోల మనిషిని 0.2 సెకనులో ఆపడానికి, 2 సెకన్లలో ఆపడానికి కావలసిన సగటు బలాలు లెక్కకట్టి పోల్చండి.
4. పుటుక్కున, టక్కున, గభాలున, చటుక్కున – వీటిని సొంత వాక్యాల్లో వాడండి.
5. మీ ఇంట్లో పెద్దవారిని అడగండి: మన ఊళ్ళో పలకరించడానికి వెళ్ళేవారు ఏం చేస్తారు, ఏం మాట్లాడరు? విన్నది రాసి తరగతిలో చదవండి. ఇతర భాషల స్నేహితుల ఇళ్ళలో ఏం చేస్తారో కూడా అడిగి పక్కన రాయండి.