పిల్లల కథలు రాసిన చేత్తో డిటెక్టివ్ నవల

ప్రశ్న: చాలాకాలంగా పిల్లల కథలు రాస్తున్నాను. ఇప్పుడు పల్లెలో జరిగే డిటెక్టివ్ నవల రాశాను. రక్తపాతం ఉండదు, రిటైరైన టీచరమ్మే దొంగను పట్టేస్తుంది. ‘పిల్లల రచయిత్రి ఇవి రాస్తే ఎవరు కొంటారు?’ అన్నారు ఒక ప్రచురణకర్త. కలం పేరు మార్చుకోవాలా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అక్కర్లేదమ్మా. ఆయన బెంగ మీ కథ గురించి కాదు, అమ్మకం గురించి. ఒక పేరు ఒకే అరలో ఉంటే షాపువాళ్లకు సుఖం, అంతే. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ ఎన్నో పిల్లల పుస్తకాలు రాశాక, 1998లో బోట్స్వానా డిటెక్టివ్ ప్రెషస్ రామోత్స్వేను అదే పేరుతో తెచ్చారు. సత్యజిత్ రాయ్ సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా 1965లో పుట్టిందే ‘సందేశ్’ అనే పిల్లల పత్రికలో. అయితే నవల పెద్దలదని అట్ట చూడగానే తెలియాలి. ఈ విషయంలో మాత్రం పట్టుబట్టండి.

రాతప్రతిని ఒకసారి సరిచూసుకోండి. టీచరమ్మకు దొరికిన ప్రతి ఆధారమూ పాఠకుడికీ ముందే దొరకాలి, కానీ కంట్లో పడకూడదు. పాలవాడు ఆ రోజు గేటు దగ్గర్నుంచే వెనుదిరిగాడన్నది ముఖ్యమైతే, దాన్ని ఒక్క వాక్యంలో చెప్పేసి వెంటనే అత్తాకోడళ్ల తగాదా పెట్టండి. చదివేవాళ్లు తగాదానే గుర్తుపెట్టుకుంటారు! టీచరమ్మ పాత్ర నిలబడితే రెండో నవలకు ఇప్పుడే కథ అనుకోండి. ఈ తరహా పాఠకులు పాత్ర కోసమే మళ్లీ వస్తారు.

ఒప్పందంలో హక్కులు ఎన్నేళ్లకో రాయించుకోండి. రాయకపోతే మన కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్లుగా లెక్కిస్తారు. ‘శాశ్వతంగా’ అని ఉన్నా, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు కూడా కలిపి అడిగినా సంతకం పెట్టకండి. కాగితాలు తీసుకుని కాపీరైట్ తెలిసిన లాయర్‌ను కలవండి.