తిండిలో మిగిలే పురుగుమందు: ఎంతవరకు హాని లేదు?

కూరగాయలు కొనేటప్పుడు మనలో చాలామంది అనే మాట ఒకటుంది: "ఈ రోజుల్లో మందు కొట్టని పంట ఎక్కడుంది?" ఆ మాట అని ఊరుకుంటాం. పంటపై మిగిలిన మందు ఎంతవరకు ఉంటే హాని లేదో ఎవరు తేలుస్తారు, ఎలా తేలుస్తారు అని మాత్రం అడగం. పిల్లలకు భోజనం పెట్టేవారికీ, పెట్టించే దాతలకూ ఈ విషయం తెలిసి ఉండాలని మేము ఈ చిన్న పాఠం రాస్తున్నాం.

ఎవరీ నిపుణులు?

ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963 నుంచి పురుగుమందుల అవశేషాలపై నిపుణుల సమావేశం జరుపుతున్నాయి. దీన్ని పొట్టిగా జె.ఎం.పి.ఆర్. అంటారు. ఇందులో కూర్చునేవారు తమ ప్రభుత్వాల ప్రతినిధులుగా రారు, శాస్త్రవేత్తలుగా వస్తారు. కంపెనీలతో ఏవైనా సంబంధాలుంటే ముందే రాతపూర్వకంగా తెలపాలి. వీరి పని రెండు భాగాలుగా సాగుతుంది.

మొదటి భాగం: శరీరం ఎంత తట్టుకుంటుంది?

ఎలుకలు, కుక్కలు వంటి జంతువులకు మందును వేర్వేరు మోతాదుల్లో ఇచ్చి చేసిన పరీక్షల ఫలితాలను ఆరోగ్య నిపుణులు పరిశీలిస్తారు. ఏ మోతాదు వరకు చెడు ప్రభావం కనిపించలేదో గుర్తిస్తారు. దాన్ని సాధారణంగా 100తో భాగిస్తారు. జంతువుకూ మనిషికీ ఉన్న తేడాకు 10 వంతులు, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు మరో 10 వంతులు, రెండూ గుణిస్తే 100.

క్లోర్‌పైరిఫాస్ అనే మందును ఉదాహరణగా తీసుకుందాం. జంతువుల్లో కిలో శరీర బరువుకు రోజుకు 1 మిల్లీగ్రాము వరకు మెదడులోని ఒక ముఖ్యమైన ఎంజైముపై ప్రభావం కనిపించలేదు. దాన్ని 100తో భాగిస్తే 0.01 మిల్లీగ్రాము. 1999లో ఈ సమావేశం నిర్ణయించిన రోజువారీ పరిమితి అదే. అంటే జీవితాంతం ప్రతిరోజూ తిన్నా ఫర్వాలేదని అంచనా వేసిన మోతాదు. 60 కిలోల మనిషికి అది 0.6 మిల్లీగ్రాములు, 15 కిలోల బిడ్డకు 0.15 మాత్రమే. బరువుతో పోల్చి చూస్తే పిల్లలు పెద్దలకన్నా ఎక్కువ తింటారు. అందుకే లెక్క వేసేటప్పుడు వారిని విడిగా చూడాలి.

రెండో భాగం: పంటపై ఎంత మిగులుతుంది?

లేబులుపై రాసిన ప్రకారం మందు కొట్టి, చెప్పినన్ని రోజులు ఆగి, కోసిన పంటలో ఎంత మిగిలిందో పొలం ప్రయోగాల ద్వారా చూస్తారు. దాన్నిబట్టి ఆ పంటకు గరిష్ఠ అవశేష పరిమితిని సూచిస్తారు. తర్వాత వివిధ ప్రాంతాల ప్రజలు ఏ పదార్థం ఎంత తింటారో లెక్కగట్టి, ఒంట్లోకి చేరే మందు రోజువారీ పరిమితిని దాటుతుందా అని సరిపోల్చుతారు. ఈ సూచనల ఆధారంగా కోడెక్స్ అలిమెంటేరియస్ కమిషన్ అంతర్జాతీయ ప్రమాణాలు నిర్ణయిస్తుంది. మన దేశంలో పరిమితులు ప్రకటించేది ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. గరిష్ఠ అవశేష పరిమితి ముఖ్యంగా రైతు మందును సరిగా వాడాడా అని చూసే కొలత. ఒక కాయలో అది కాస్త దాటినంత మాత్రాన తిన్నవారు జబ్బు పడతారని కాదు, సాగులో పద్ధతి తప్పిందని.

ఒక్క పూటతో వచ్చే ముప్పు

కొన్ని మందులు ఒక్క పూటలోనే హాని చేయగలవు. 1985లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుచ్చకాయలు తిన్న వందలాది మంది అస్వస్థులయ్యారు. ఆ పంటకు అనుమతి లేని ఆల్డికార్బ్ అనే మందు కాయల్లో ఉండటమే కారణం. అది వేళ్ళ ద్వారా కాయ లోపలికి చేరే మందు కాబట్టి పైన ఎంత కడిగినా పోదు. అందుకే నిపుణులు ఇప్పుడు అవసరమైన మందులకు ఒక్క రోజు మోతాదు పరిమితిని కూడా విడిగా నిర్ణయిస్తున్నారు.

ఈ అంకెలు శాశ్వతం కావు

కొత్త ఆధారాలు వస్తే పాత తీర్పు మారుతుంది. అదే క్లోర్‌పైరిఫాస్‌కు సురక్షితమైన పరిమితి అంటూ నిర్ణయించలేమని 2019లో యూరప్ ఆహార భద్రతా సంస్థ తేల్చింది. ఎదిగే మెదడుపై దాని ప్రభావం గురించిన ఆందోళన అందుకు ఒక కారణం. 2020లో యూరోపియన్ యూనియన్ దాని అనుమతిని పొడిగించలేదు. నిపుణుల అంకె అప్పటికి చేతిలో ఉన్న ఆధారాలపై నిలిచిన తీర్పు. దాన్ని నమ్మాలి, తిరిగి పరీక్షించమని అడుగుతూనే ఉండాలి.

మన వంతు

ఈ లెక్కంతా నిలబడేది ఒక షరతు మీద: పొలంలో లేబులు ప్రకారం నడుచుకోవాలి. రేపు సంతకు పంపే వంకాయపై ఈ రోజు మందు కొడితే అంతర్జాతీయ నిపుణులు వేసిన లెక్క ఆ కాయకు వర్తించదు. మనలో పొలం ఉన్నవారు, కౌలుకిచ్చినవారు కోతకు ముందు ఆగవలసిన రోజుల గురించి సాగుచేసేవారితో మాట్లాడాలి. పెద్ద మొత్తంలో కూరగాయలు కొని పిల్లలకు వండించేవారు ధరతో పాటు చివరిసారి మందు ఎప్పుడు కొట్టారని కూడా అడగాలి. పారే నీటిలో బాగా కడగడం, తొక్క తీయదగినవి తీయడం వల్ల పైపై మందు కొంత తగ్గుతుంది.

భయపడి కూరలు, పళ్ళు మానేస్తే నష్టం పిల్లలకే. వాటిని మానకుండా, అడగవలసింది అడిగి, కడిగి, వండి పెడదాం. ఒక పూట భోజనానికి ఖర్చు పెట్టే దాత ఆ ఒక్క ప్రశ్న కూడా అడిగితే, పెట్టిన అన్నం పిల్లలకు బలమే అవుతుంది.