మునగ, పుంటికూర – మన పెరట్లో ఏది వేద్దాం?

"రక్తం తక్కువుందన్నారు. మా ఇంటి వెనక జాగా కొంచెమే ఉంది. మునగ పెట్టాల్నా, పుంటికూర వేయాల్నా?" అని గర్భిణులు, వారి అత్తమ్మలు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. ఇది మంచి ప్రశ్న. మన్ననూర్ చుట్టుపక్కల అడవి పల్లెల్లో, చెంచు పెంటల్లో ఆకుకూర కొనాలంటే చాలామంది అంగడి రోజు దాకా ఆగాలి. ఇంటి వెనకే ఆకు ఉంటే ఆ బాధ ఉండదు. అందుకే ఈసారి ఈ రెండు మొక్కలను పక్కపక్కన పెట్టి నేర్చుకుందాం.

ఇది ఎందుకు ముఖ్యం?

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో ప్రతి పదిమందిలో ఏడుగురికి రక్తహీనత ఉంది. స్త్రీలలో సగానికి పైగా దానితో బాధపడుతున్నారు. ఆయాసం, నీరసం, కళ్లు తిరగడం దీని లక్షణాలు. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో రక్తస్రావమైతే ప్రాణాపాయం ఎక్కువ. పుట్టే బిడ్డ బరువు కూడా తగ్గవచ్చు.

పెంచే పద్ధతి

మునగ: ఇది చెట్టు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఆకునిస్తుంది. రోజంతా ఎండ తగలాలి, నీరు నిలవకూడదు. మన ఎర్ర గరుప నేలలో బాగా వస్తుంది, నల్లరేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. మణికట్టంత లావు, మూడు నాలుగు అడుగుల పొడవున్న కొమ్మను వానలకు ముందు నాటవచ్చు. విత్తనంతో పెంచిన చెట్టుకు తల్లివేరు లోతుకు దిగుతుంది కనుక గాలికి తట్టుకుంటుంది, ఎండాకాలం కూడా ఓర్చుకుంటుంది. తమిళనాడులోని పెరియకుళంలో తయారైన పి.కె.ఎం.-1 రకాన్ని విత్తనంతోనే వేస్తారు. చెట్టుకు చెట్టుకు మధ్య ఎనిమిది అడుగులు ఉండాలి. మొక్క రెండున్నర అడుగులు పెరగగానే చివర తుంచితే పక్క కొమ్మలు వచ్చి ఆకు చేతికి అందుతుంది. మొదటి ఏడాది మేకలు తినకుండా చుట్టూ తడిక కట్టాలి. స్నానం చేసిన నీళ్లు మొదట్లో పారిస్తే చాలు.

పుంటికూర: దీనినే కోస్తా వైపు గోంగూర అంటారు. చెట్టు కాదు, ప్రతిసారీ విత్తాల్సిన పైరు. మంచం పరిచేంత మడి ఉంటే చాలు, పాత బకెట్టులోనూ వస్తుంది. వానలు పడగానే వేలి గణుపు లోతులో వరుసగా విత్తితే నెల, నెలా పదిరోజుల్లో కూరకు వస్తుంది. మొక్కను పీకకుండా పైభాగం కోస్తే మళ్లీ చిగురిస్తుంది. పొద్దు తగ్గే కాలం వచ్చేసరికి పూతకు తిరిగి ఆకు తగ్గిపోతుంది. ముదిరిన కాడల నార తాళ్లకు పనికొస్తుంది. నాలుగు మొక్కలను విత్తనానికి వదిలేయండి. ఇది నేలకు దగ్గరగా పెరుగుతుంది కనుక మురుగునీరు పెట్టకూడదు. ఆకును మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడగాలి.

అంటే, త్వరగా కావాలంటే పుంటికూర, ఎక్కువకాలం కావాలంటే మునగ. వానకాలంలో పుంటికూర తినండి. ఎండలకు మడి ఎండినప్పుడు మునగ ఆదుకుంటుంది. జాగా కొంచెమే ఉన్నా, ఒక మూలన ఒక మునగ, దాని నీడ పడని చోట చిన్న మడి వేసుకోవచ్చు.

వండే పద్ధతి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టిక ప్రకారం 100 గ్రాముల పచ్చి మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 100 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉన్నాయి. కంటిచూపును కాపాడే ఎ విటమిన్‌గా మారే పదార్థం కూడా ఇందులో చాలా ఉంది. ఇది ఒంటికి పట్టాలంటే కూరలో కొంచెం నూనె ఉండాలి. ఆరు నెలలు నిండిన బిడ్డకు లేత ఆకును పప్పుతో మెత్తగా ఉడికించి, మెదిపి పెట్టవచ్చు. పొడి కోసమైతే ఆకును నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో ఆరబెడితే ఎ విటమిన్ చాలా పోతుంది.

పుంటికూరలో కూడా ఇనుము ఉంది. పప్పులో వేసినా, తొక్కు నూరి జొన్నరొట్టెతో తిన్నా నోటికి రుచి. వాంతులతో తిండి సయించని గర్భిణి కూడా ఆ పులుపుకు నాలుగు ముద్దలు తింటుంది. పులుపు అల్యూమినియాన్ని కరిగిస్తుంది కాబట్టి మట్టికుండలో గానీ స్టీలు గిన్నెలో గానీ వండండి. ఏది తిన్నా అన్నం వెంటనే చాయ్ తాగవద్దు. చాయ్ తాగితే ఆకులోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంటసేపు ఆగండి.

మేము నేర్చుకున్న పాఠం

ఒకప్పుడు మేము "ఆకుకూరలు బాగా తినండి" అని మాత్రం చెప్పి పంపేవాళ్లం. ఒక తల్లి మా మాట నమ్మి రోజూ మునగాకు వండుకుంది. ఆకు తింటున్నాను కదా అని ఐరన్ మాత్రలు మానేసింది. తర్వాతి నెల పరీక్షలో రక్తం ఇంకా తగ్గింది. తప్పు ఆమెది కాదు, సగమే చెప్పిన మాది.

లెక్క చూడండి. గర్భిణికి ఇచ్చే ఒక మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. 100 గ్రాముల మునగాకులో ఉండేది ఐదు మిల్లీగ్రాముల లోపే. అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే. మునగ మూడొందల జబ్బులకు మందని కొందరు అంటారు. మనుషులను మునగచెట్టు ఎక్కించడం మనకు తెలుసు, మునగనే మునగచెట్టు ఎక్కించవద్దు! ఆకు ఆహారం, మాత్ర మందు. గర్భిణికి 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు మాత్ర వేసుకోవాలి. ఆకు కూడా తినాలి.

జాగ్రత్తలు

• మునగ ఆకు, పువ్వు, కాయ తినవచ్చు. వేరు, బెరడు గర్భిణులు తీసుకోకూడదు.
• మునగ కొమ్మ పుటుక్కున విరుగుతుంది. పిల్లలను ఎక్కనివ్వవద్దు.
• వానకాలంలో గొంగళిపురుగులు పగటిపూట మునగ మొద్దు మీద గుంపుగా ఉంటాయి. పొడవు కర్రతో సబ్బునీళ్ల డబ్బాలోకి రాల్చండి. వాటి వెంట్రుకలు తగిలితే రుద్దకుండా సబ్బుతో కడగండి.
• కిడ్నీలో రాళ్లున్నవారు పుంటికూర తినే ముందు డాక్టరును అడగాలి. బి.పి. ఉన్నవారు ఉప్పు ఎక్కువున్న నిల్వ తొక్కు తగ్గించాలి.
• గుండె కవాటం ఆపరేషన్ తర్వాత రక్తం పలుచబడే మాత్ర వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచకూడదు, మానకూడదు. డాక్టరుకు చెప్పి తినండి.

జ్ఞాపకం ఉందా?

1. ఎండాకాలంలో ఏ మొక్క ఆకునిస్తుంది?
2. మునగాకును నీడలో ఎందుకు ఆరబెట్టాలి?
3. రోజూ ఆకుకూర తినే గర్భిణి ఐరన్ మాత్ర మానవచ్చా?

మూడో ప్రశ్నకు జవాబు మీ ఇంట్లో అందరికీ తెలియాలి, ముఖ్యంగా అత్తమ్మకు, భర్తకు. ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు గుప్పెడు పుంటికూర విత్తులో, ఒక మునగ కొమ్మో వెంట తెచ్చి, లేని ఇంటివారికి ఇవ్వండి. ఈ వానలకు ప్రతి ఇంటి వెనకా రెండూ మొలవాలని కోరుకుంటున్నాము.