వృద్ధాశ్రమ మెంచునప్పుడు చదువవలసిన కాగితము

తల్లినో తండ్రినో వృద్ధాశ్రమమున చేర్పదలచిన కుటుంబమువారు ఫోనులో మొట్టమొదట అడుగు మాట “నెలకెంత?” అనునది. అవతలివారు చెప్పిన అంకెనుబట్టి ఇది చవక, ఇది ఖరీదు అని తేల్చుకొని, ఒక ఆదివారమునాడు పోయి, తోటను, భోజనశాలను, దేవుని గదిని చూచి, అడ్వాన్సు కట్టి, వేలు పెట్టి చూపిన చోటనెల్ల సంతకము చేసి తిరిగి వచ్చుచున్నారు. ఆ కాగితమును ఇంటికి వచ్చిన పిమ్మటనైనను చదివినవారు బహు తక్కువ. తగవు పుట్టి న్యాయవాది గడప ఎక్కిన నాడు సైతము వారి చేతిలో రసీదులే యుండును గాని ఒడంబడిక ప్రతి యుండదు; అది ఆశ్రమము వారి బీరువాలో భద్రముగ నుండును. కావున ధరలను గూర్చియు నాణ్యతను గూర్చియు ఇచట చెప్పబోవు మాటలలో పెక్కులు ఆ కాగితమును అంటిపెట్టుకొనియే యుండును.

కాగితమునకింత ప్రాధాన్య మేల యనగా, ఈ విషయమున మన శాసనము సగము దూరము వచ్చి నిలిచిపోయినది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టపు 19వ సెక్షను, ప్రతి జిల్లాయందును కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమమొకటి రాష్ట్రప్రభుత్వము స్థాపింపవచ్చునని చెప్పుచున్నది. “స్థాపింపవచ్చును” అనినదే గాని “స్థాపింపవలయును” అనలేదు. ఈ క్రియాపదపు లోపముననే ఎన్ని జిల్లాల వృద్ధులు దిక్కులేక మిగిలిపోయినారో పాఠకులు ఊహించుకొనవచ్చును. 2018 డిసెంబరులో అశ్వనీకుమార్ కేసునందు సుప్రీంకోర్టు, జిల్లాకెన్ని ఆశ్రమములున్నవో రాష్ట్రములనుండి లెక్కలు తెప్పింపుమని కేంద్రమును ఆదేశింపవలసి వచ్చినది. ఇక డబ్బు పుచ్చుకొని నడుపు ప్రైవేటు ఆశ్రమముల మాట. వీని రిజిస్ట్రేషనును, కనీస ప్రమాణములను నిర్బంధము చేయు సెక్షను 2007 చట్టములో లేదు. ఆ లోటు పూడ్చుటకై 2019లో లోక్‌సభ ముందు పెట్టిన సవరణ బిల్లు, స్థాయీసంఘమునకు పోయి, చర్చింపబడి, కడకు 17వ లోక్‌సభ రద్దుతో మురిగిపోయినది. చట్టము చెప్పని దానిని మీ ఒడంబడిక చెప్పవలయును. అదియు చెప్పనిచో అడుగుటకు చోటు మిగులదు.

అయినను కొలుచుకొనుటకు ఒక కొలబద్ద కలదు. నిరుపేదల ఆశ్రమములకై కేంద్రము కూర్చిన నమూనా నియమములు, పడకగదిలో మనిషికి 7.5 చదరపు మీటర్ల చోటును, వంటశాల, భోజనశాల, వైద్యపు గది మొదలగువానిని కలుపుకొని మనిషికి 12 చదరపు మీటర్ల చోటును ఉండవలయునని చెప్పినవి. మన లెక్కలో మొదటిది సుమారు 80 చదరపు అడుగులు. స్త్రీపురుషులకు వేర్వేరు వసతి, త్రాగునీరు, ఫ్యాన్లు, గ్రంథములు, వార్తాపత్రికలు, ప్రథమచికిత్స, చక్రపు కుర్చీ పోవుటకు తగిన ర్యాంపులు, పట్టుకొని నడచుటకు కమ్ములు, ఇవన్నియు అందులోనివే. నిరుపేదకు ఉచితముగ నీయవలసిన దీమాత్రము అయినప్పుడు, నెలనెలా వేలకు వేలు పుచ్చుకొనువారు ఇంతకంటె తక్కువ చూపినచో, “ఇది దేనికి సరి?” యని అడుగుటకు మొగమోటపడ నక్కరలేదు. టేపు ఒకటి జేబులో వేసికొని పొండు. నగరములో ఒక్కొక్క గదిలో నాలుగేసి మంచములు వేసి దానికి “షేరింగ్” అని పేరు పెట్టిన చోట్ల టేపు చాల మాటలు చెప్పును.

ఇక ధర. రెండు ఆశ్రమములను ఊహింతము. ఇవి లెక్క చూపుటకు వేసికొన్న అంకెలే గాని ఏ ఒక్కచోటి రేట్లును గావు. మొదటిది నెలకు 20,000 రూపాయలు. భోజనము, బట్టల ఉతుకుడు, వారమునకొకసారి వచ్చు వైద్యుని ఫీజు అందులోనివే. డిపాజిటు 40,000, వెళ్లిపోవునాడు చిల్లర పైసలతో సహా తిరిగి వచ్చును. రెండవది నెలకు 14,000 మాత్రమే. కాని డిపాజిటు 3 లక్షలు, అందులో ఏటికి పదవవంతు యాజమాన్యము మినహాయించుకొనును. బట్టలకు 800, వైద్యునికి 500 వేరు. పైకి చూచినచో రెండవది ఆరువేలు చవక. మినహాయింపు ఏటికి 30,000, అనగా నెలకు 2,500. ఆ 3 లక్షలు బ్యాంకులో ఏడు శాతమునకు వేసియున్నచో వచ్చెడిది ఏటికి 21,000, అనగా నెలకు 1,750. అన్నియు కూడినచో రెండవదాని నిజమైన వెల 19,550. మొదటి దానికి డిపాజిటుపై పోవు వడ్డీ నెలకు 233 కలిపినను 20,233. ఆరువేల తేడా ఏడువందల లోపలికి దిగినది.

కథ ఇంతటితో ముగియలేదు. ఆ పెద్దమనిషి ఒకనాడు స్నానాల గదిలో జారిపడి తుంటియెముక విరిగి మంచాన పడినాడనుకొందము. మొదటివారు మంచమునందున్నవారి సేవకు నెలకు 5,000 అదనమని ముందే వ్రాసియిచ్చిరి. రెండవవారు “ఆయాను మీరే పెట్టుకొనుడు” అనిరి, ఆయాకు 12,000. ఇప్పుడు మొదటిది 25,233, రెండవది 31,550. చేరినపుడు చవకగ నుండినదే, అవసరము ముదిరిన నాటికి ఆరువేలకు పైగా ఖరీదైనది. మనము పెద్దవారిని ఆశ్రమమున చేర్చుట నేటి ఆరోగ్యమును చూచి కాదు, రేపటి అనారోగ్యమునకు వెరచి గదా! కావున పోల్చవలసిన వెల మంచాన పడిన నాటి వెల. మతిమరుపు ముదిరి రాత్రులందు లేచి తిరుగుచున్నచో ఎంత, పక్షవాతమైనచో ఎంత, ఆస్పత్రిలో నెలదినములున్నచో గది అద్దె పూర్తిగనా సగమా, ఏటేట పెంపు ఎంత శాతమునకు మించదు, ఈ ప్రశ్నలను వరుసగ అడిగి సమాధానములను కాగితముమీద వ్రాయించుకొనుడు. పన్ను సంగతియు అడుగవలయును: ప్రభుత్వము గాని, ఆదాయపు పన్ను శాఖవద్ద ధర్మసంస్థగ నమోదైనవారు గాని నడుపు ఆశ్రమములో, అరువది యేండ్లు నిండిన నివాసికి భోజనము, వసతి, పోషణ అన్నియు కలిపి నెలకు 25,000 రూపాయలవరకు జీఎస్టీ మినహాయింపు కలదు. లాభమునకై నడుపువారికి ఈ మినహాయింపు లేదు. “ట్యాక్సులు అదనము” అని చిన్న అక్షరములలో వ్రాసియున్నదేమో చూడుడు.

ఇటువంటి ఒడంబడికలలో తరచుగ కనబడు నిబంధన యొకటి ఈ తీరున నుండును: నివాసి ఆరోగ్యస్థితి మారినచో యాజమాన్యము తన విచక్షణ ననుసరించి రుసుమును సవరించుటకు గాని, వారములో గది ఖాళీ చేయించుటకు గాని హక్కు కలిగియుండును. ఈ వాక్యమున “తన విచక్షణ” అను రెండు మాటలను కొట్టివేయించి, ఆ స్థానమున ఎవరు పరీక్షించి నిర్ణయింతురో, ఎన్ని దినముల నోటీసు ఇత్తురో వ్రాయించుకొనగలిగిన కుటుంబము, సగము వ్యాజ్యమును ముందుగనే గెలిచినట్లు. వారు ఒప్పుకొననిచో ఆశ్రమము మార్చుటకు అది చాలినంత కారణము.

నాణ్యతను చూచుటకు ఆదివారపు మధ్యాహ్నము మంచి వేళ కాదు. ఆనాడు వంటయు బాగుండును, పనివారును నిండుగ నుందురు. వీలైనచో పనిదినమున రాత్రి తొమ్మిది గంటలకు పొండు; ఎంతమంది మెలకువగ నున్నారో, పిలుపు గంట మ్రోగించిన ఎంతసేపటికి మనిషి వచ్చుచున్నదో, మరుగుదొడ్డి తలుపు వెలుపలికి తెరచుకొనునా లోపలికా, లోపల పట్టుకొనుటకు కమ్మి యున్నదా, నేల తడిసినపుడు జారునా, ఇవి చూడుడు. లోపలివైపు తెరచుకొను తలుపు వెనుక వృద్ధుడు పడినచో తలుపు తెరచుట ఎట్లో ఆలోచించిన యజమాని, మిగిలిన సంగతులును ఆలోచించియే యుండును. నివాసినులలో ఒకామె ప్రక్కన కూర్చుండి, “పెద్దమ్మా, రాత్రి మందు ఎవరిచ్చుదురు?” అని అడిగినచో రంగుల కరపత్రము చెప్పని సత్యము తెలియును.

సేవ సరిగ లేనప్పుడు న్యాయము ఎక్కడ దొరకును? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టములో “సేవ” యను మాటకు ఇచ్చిన నిర్వచనమున భోజన వసతులు స్పష్టముగ చేరియున్నవి. డబ్బు కట్టినవారును, వారి సమ్మతితో ఆ సేవ పొందుచున్న పెద్దలును ఇరువురును వినియోగదారులే. చెల్లించిన మొత్తము 50 లక్షలవరకైనచో ఫిర్యాదు జిల్లా కమిషనుకు పోవును. 5 లక్షలవరకు ఫీజు లేదు. ఆశ్రమము ఎచటనున్నను ఫిర్యాదీ నివసించు ఊరిలోనే దాఖలు చేయవచ్చును. ఉచితముగ సేవచేయు ఆశ్రమములకు మాత్రము ఈ చట్టము వర్తింపదు. మితిమీరిన డిపాజిటు, సహేతుక కారణము లేకయే ఒకపక్షము ఒడంబడికను రద్దుచేయు హక్కు, జరిగిన నష్టముతో పొంతన లేని జరిమానా, ఇట్టివి “అన్యాయపు ఒడంబడిక” క్రిందికి వచ్చును. ఈ ఆక్షేపణను వినునది జిల్లా కమిషను కాదు, రాష్ట్ర కమిషను. మొత్తము 10 కోట్లు మించినచో జాతీయ కమిషను. ఈ భేద మెఱుగక జిల్లాలో దాఖలు చేసి కాలము పోగొట్టుకొనువారు కలరు.

వేరొక బేరము మిక్కిలి జాగ్రత్తతో చూడదగినది. “ఇల్లు మా సంస్థ పేర వ్రాసియిండు, జీవితాంతము మేము చూచుకొందుము” అను ప్రతిపాదన వినుటకు తియ్యగ నుండును. 2007 చట్టపు 23వ సెక్షను ప్రకారము, వయోవృద్ధుడు తన కనీస అవసరములు తీర్పవలయునను షరతుతో ఆస్తి బదిలీ చేయగా, పుచ్చుకొన్నవారు ఆ మాట తప్పినచో, ఆ బదిలీని ఆ చట్టము క్రింది ట్రిబ్యునలు రద్దు చేయగలదు. ఇది కొడుకులకేగాక ఇతరులకును వర్తించును. కాని 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసునందు సుప్రీంకోర్టు ఆ షరతు ఉండి తీరవలయుననియు, అది రుజువు కావలయుననియు చెప్పినది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసునందు ఈ చట్టమును వృద్ధులకు అనుకూలముగ అర్థము చేయవలయుననియు, ట్రిబ్యునలు స్వాధీనమును సైతము ఇప్పింపగలదనియు చెప్పినది. రెండు తీర్పులను కలిపి చదివినచో తేలు ఉపాయ మొక్కటే: దానపత్రము వ్రాయించునపుడు పోషణ షరతును ఆ పత్రములోనే, స్పష్టమైన మాటలలో వ్రాయింపవలయును. దస్తావేజు వ్రాయువాడు “అట్టివి అక్కరలేదండీ, మామూలే” అనినను వినకుడు. ఇంతేగాక 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 16వ సెక్షను, వార్ధక్యముచేత గాని రోగముచేత గాని మనస్సు బలహీనమైనవారితో ఒప్పందము చేసికొన్నవానిని, వారి ఇచ్ఛను లోబరచుకొనగల స్థానములో నున్నవానిగ భావించును. ఆ ఒప్పందము మొగము మీదనే అన్యాయముగ కనబడినచో, ఒత్తిడి లేదని రుజువు చేయు భారము అతనిదే.

విశ్రాంత జీవనమునకై ఫ్లాట్లు కొనువారి సంగతి కొంత భిన్నము. అది స్థిరాస్తి గనుక 500 చదరపు మీటర్లకు గాని ఎనిమిది ఫ్లాట్లకు గాని మించిన ప్రాజెక్టు 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదు కావలయును. రిజిస్టరైన విక్రయ ఒడంబడిక లేక బిల్డరు వెలలో పదిశాతమునకు మించి పుచ్చుకొనరాదు. ఇల్లు కట్టువాడొకడు, సేవచేయువాడొకడు అగుటచేత, 2019లో కేంద్ర గృహనిర్మాణ మంత్రిత్వశాఖ వెలువరించిన మార్గదర్శకములు, కొనువారిని కూడ కలిపి ముగ్గురి మధ్య త్రైపాక్షిక ఒడంబడికను సూచించినవి. సేవా సంస్థ మారిపోయినచో నెలసరి రుసుమును ఎవరు నిర్ణయింతురో అందులో చూడవలయును.

ఈ ఖర్చు భరించువారెవ్వరు? తమ్ముతాము పోషించుకొనలేని తల్లిదండ్రులు 2007 చట్టము క్రింద ఆర్డీఓ స్థాయి అధికారి అధ్యక్షుడుగనున్న ట్రిబ్యునలుకు దరఖాస్తు చేయవచ్చును. బిడ్డలు లేని వృద్ధులైనచో, ఆస్తి అనుభవించుచున్న లేక వారసత్వముగ పొందనున్న బంధువుపై చేయవచ్చును. బిడ్డలు విదేశములలో నున్నను సమనులు పంపు మార్గము చట్టములోనే కలదు. 90 దినములలో తేల్చవలయును; ఇంకొక 30 దినములకు మాత్రమే పొడిగింపు. అయితే ట్రిబ్యునలు ఇప్పింపగల గరిష్ఠ మొత్తము నెలకు 10,000. అది 2007లో కట్టిన గీత, ఇప్పటి ఆశ్రమములలో సగము బిల్లుకును చాలని చోట్లు పెక్కు. ఎక్కువ కావలసినవారు భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను క్రింద మేజిస్ట్రేటు కోర్టుకు పోవచ్చును. అచట పరిమితి లేదు, ఆలస్యము మాత్రము కలదు. రెండింటిలో ఒక్కదానినే ఎంచుకొనవలయును. పెద్దలను పూర్తిగ వదలించుకొను ఉద్దేశముతో ఎచటనో దిగవిడిచి మొగము చాటుచేసినవారికి 2007 చట్టపు 24వ సెక్షను క్రింద మూడు నెలల జైలుగాని, 5,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును.

దరఖాస్తు వ్రాయుటకు సాయము కావలసినచో వయోవృద్ధుల సహాయ సంఖ్య 14567, న్యాయసేవల సంస్థ సంఖ్య 15100, వినియోగదారుల ఫిర్యాదులకు 1915. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము దొరకును. ఇక డిపాజిటు తిరిగి రావలసియున్నవారు ఒక విషయము గుర్తుంచుకొనవలయును: వినియోగదారుల ఫిర్యాదుకు కారణము పుట్టిన నాటినుండి గడువు రెండు సంవత్సరములు, “వచ్చే నెల ఇచ్చెదము” అను ఫోను మాటలతో ఆ గడువు తరుగుచుండును గాని ఆగదు. ఖాళీ చేసిన దినముననే తేదీ వేసిన లేఖను స్పీడుపోస్టులో పంపి, ఆ రసీదును ఒడంబడిక ప్రతితోకూడ ఉంచుకొనుడు.