వేషం వేసి ఆడే ఆట – ఎట్ల మొదలుపెట్టాలె?

ఈ నెల గోడ పత్రికలో నాకు ఆటల శీర్షిక వచ్చింది. కబడ్డీ, ఖోఖో అందరికీ తెలుసు. అందుకని కూర్చొని నోటితో ఆడే ఆట గురించి రాస్తున్నాను.

ఉపోద్ఘాతం

ఆటలో మనం వేరే మనిషి అయిపోయి, ఆ మనిషి లెక్క ఆలోచించి, ఆ మనిషి లెక్క మాట్లాడుడే పాత్ర ఆట. చిన్నప్పుడు మనం చీటీల మీద రాజు, రాణి, మంత్రి, దొంగ, పోలీసు అని రాసి ఆడినం కదా! దొంగ చీటీ వచ్చినామె ఏమీ తెలియనట్టు మొఖం పెట్టి కూర్చుంటది. పాత్ర ఆటకు అదే మొదటి మెట్టు.

నాటకానికీ దీనికీ తేడా ఉన్నది. నాటకంలో మాటలు ముందే రాసి ఉంటాయి, బట్టీ పట్టాలె. పాత్ర ఆటలో మాటలు ఎవరూ రాసియ్యరు. ఎదుటి మనిషి ఏమన్నదో విని అప్పటికప్పుడు మనమే చెప్పాలె. చివరికి ఏమైతదో ఎవరికీ తెల్వదు.

అమెరికాలో 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను తెచ్చినారు. అందులో ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలొక పాత్ర తీసుకుంటారు. ఇరవై ముఖాల పాచిక వేసి పని అయ్యిందో లేదో చూస్తారు. ఇప్పుడు కంప్యూటర్లలో, ఫోన్లలో వచ్చే చాలా ఆటలకు అది తాత లాంటిది.

మన దండారి నుంచి ఒక పాఠం

దీపావళి రోజుల్లో మన గోండు గూడేలలో గుస్సాడీలు కడతారు. నెమలి ఈకల టోపీ పెట్టుకున్నంక ఆయన మామూలు మనిషి కాదు. పండుగ ముగిసేదాక స్నానం చేయడు, నియమం తప్పడు. టోపీ దించినంకనే మళ్లీ ఇంటి మనిషి. మార్లవాయి కనక రాజు గారు ఈ గుస్సాడీ ఆటను ఎంతోమందికి నేర్పినారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూసినారు. గుస్సాడీ దేవుని కార్యం, దాన్ని మన ఆటలో కలపకూడదు. కానీ ఒక సంగతి నేర్చుకోవచ్చు. వేషంలోకి పోయేటప్పుడు ఒక గుర్తు ఉండాలె, బయటికి వచ్చేటప్పుడు ఒక గుర్తు ఉండాలె. మన ఆటకు చున్నీ చాలు. నడుముకు కట్టుకుంటే పాత్ర, విప్పితే మనం.

కథ ఎక్కడ జరగాలె?

రాజకోట, రాక్షసుల గుహ అయినా పెట్టుకోవచ్చు. నేను మాత్రం హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట పెట్టినాను. ఎందుకంటే మనవాళ్లు రెండు పనుల మీద అటు పోతారు. కోర్సులు నేర్చుకోవడానికి అమీర్‌పేట, పెద్ద రోగం వస్తే పంజాగుట్టలో ఉన్న నిమ్స్ ఆసుపత్రి.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు, స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు, హాస్టళ్లు చాలా ఉన్నాయి. సారథి స్టూడియో కూడా అమీర్‌పేటలోనే ఉన్నది. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ సినిమా అక్కడ తీసిందే. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలైంది. అమీర్‌పేట స్టేషన్‌లో రెండు లైన్లు కలుస్తాయి. ఒకటి మియాపూర్ నుంచి ఎల్బీనగర్ పోయేది, ఇంకొకటి నాగోల్ నుంచి రాయదుర్గం పోయేది. ఎల్బీనగర్ వైపు ఎక్కితే అమీర్‌పేట తర్వాతి స్టేషనే పంజాగుట్ట.

కావలసిన వస్తువులు

నలుగురు లేక అయిదుగురు మనుషులు, తలొక కాగితం, పెన్సిలు, రెండు చింతగింజలు. గింజలను బండ మీద అరగదీసి పగలగొడితే నాలుగు బద్దలు వస్తాయి. ఒక దిక్కు తెలుపు, ఒక దిక్కు నలుపు. ఇవే మన పాచికలు.

ఆడే విధానం

1. ఒకరు కథ చెప్పే అక్క కావాలె. ఎక్కడ ఉన్నరు, ఏం కనబడుతున్నది, ఎవరు ఎదురైనరు అనేది ఆమె చెప్తది.

2. మిగిలినవాళ్లు పాత్ర కాగితం రాయాలె. పేరు, ఊరు, వయసు, ఏం కావాలె, దేనికి భయం, ఏ పని బాగ వస్తది, ఏ పని రాదు. వీటిలో ‘ఏం కావాలె’ అనేది ముఖ్యం. కోరిక లేని పాత్ర మూలకు కూర్చుంటది.

3. ఆమె ఇట్ల చేస్తది అనకూడదు. ‘నేను’ అని మాట్లాడాలె.

4. పని అయితదో కాదో తెల్వనప్పుడు బద్దలు వేయాలె. అల్కటి పనికి రెండు లేక ఎక్కువ తెలుపులు పడాలె. కష్టమైన పనికి మూడు లేక ఎక్కువ పడాలె. లెక్కల పాఠం గుర్తు చేసుకోండి. నాలుగు బద్దలు మొత్తం 16 రకాలుగా పడతాయి. తెలుపు అసలు పడనిది 1, ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, నాలుగూ పడేది 1. అంటే అల్కటి పని 16లో 11 సార్లు, కష్టమైన పని 16లో 5 సార్లు అయితది.

5. పని కాకపోతే కథ ఆగదు, దారి మారుతది.

మేము ఆడిన కథ

అవ్వకు గుండె నొప్పి. మనుమరాలు తొమ్మిదో తరగతి. అవ్వకు గోండి తప్ప వేరే భాష రాదు. ఇద్దరూ పంజాగుట్టలో దిగినరు.

కథ అక్క: పొద్దున తొమ్మిదైంది. ఆసుపత్రి గేటు కాడ మస్తు జనం. ఏం చేస్తవు?

మనుమరాలు: చీటీ ఎక్కడ రాస్తరో అడుగుత.

కథ అక్క: అడుగుత అంటే కాదు. అడుగు.

మనుమరాలు: అన్నా, మేము ఊరి నుంచి వచ్చినం. కొత్త చీటీ ఎక్కడ రాపించుకోవాలె?

కథ అక్క: బద్దలు వేయి.

ఒక్కటే తెలుపు పడింది. గేటు అన్న వినిపించుకోలేదు. అప్పుడు అవ్వ పాత్ర వేసినామె, “లైనులో ఉన్న ఆ ముసలామెను అడుగు, మనసొంటిదే ఉన్నది” అని గోండిలో చెప్పింది. అందరం నవ్వినం. కానీ అదే మంచి ఉపాయం. ఈసారి మూడు తెలుపులు పడినయి.

అడుగుత అనుడు వేరు, అడుగుడు వేరు. ఈ ఆటలో ఉన్నదంతా అదే.

పాత్రలు మార్చుకోవాలె

రెండోసారి, మాలో అందరికంటే తక్కువ మాట్లాడే అమ్మాయిని కౌంటర్ మేడమ్ చేసినం. కుర్చీలో కూర్చున్నంక ఆమె వరసగా అడిగింది: పేరేంది, వయసెంత, ఏ ఊరు, ఏం బాధ, ఎన్ని దినాల నుంచి, కార్డు ఉన్నదా? కిటికీకి అటు దిక్కు కూర్చుంటేనే అటు దిక్కు మనిషికి ఏం కావాలెనో తెలుస్తది. మూడోసారి మనుమరాలు ఆ ఆరు సంగతులూ కాగితం మీద రాసుకొని వచ్చింది. గట్టిగ మాట్లాడింది.

నేను ఈ పాఠం ఎందుకు రాస్తున్నానంటే, ఒకసారి ఒక ఆఫీసులో మా అవ్వ దరఖాస్తు పట్టుకొని పొద్దంతా కూర్చున్నది. అవ్వకు మాటలు రాక కాదు. గూడెంలో ఇద్దరు కొట్లాడితే మాటలతోనే కలుపుతది. ఆ కిటికీ ముందర ఆ మాటలు బయటికి రాలేదు. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదలు. రేపు ఆ కిటికీ కాడ మాట్లాడాల్సింది నేనే. మీలో చాలామంది కూడా నా లెక్కనే.

తప్పనిసరి నియమాలు

అ) ఎవరన్నా ‘ఆపు’ అంటే అక్కడనే ఆపాలె. ఎందుకు అని అడగకూడదు.

ఆ) ఒకరి పాత్ర ఏం చేయాలెనో ఇంకొకరు చెప్పకూడదు.

ఇ) మన హాస్టల్ పిల్లలను, సార్లను, మేడమ్‌లను పాత్రలు చేసి ఎక్కిరించవద్దు. ఎవరి యాసకూ నవ్వవద్దు.

ఈ) పనిమనిషి పాత్ర ఎప్పుడూ ఒకరికే ఇవ్వవద్దు. డాక్టరమ్మ అందరికీ రావాలె.

ఉ) కొన్ని స్టేజీల మీద ఆదివాసి అంటే ఆకులు కట్టి గంతులు వేయిస్తారు. మన ఆటలో ఆదివాసి పాత్రకు పేరు ఉండాలె, ఊరు ఉండాలె, కోరిక ఉండాలె.

ఊ) ఆట కాగానే చున్నీ విప్పి పాత్రను వదలాలె. ఆటలో తిట్టుకున్న మాటలు మెస్ దాకా తేవద్దు.

ముగింపు

ఈ ఆటకు పైసలు అక్కరలేదు, మైదానం అక్కరలేదు, వాన పడినా ఆడవచ్చు. ఆదివారం సాయంత్రం వరండాలో ఒక గంట ఆడుకోనివ్వాలని వార్డెన్ మేడమ్ గారిని కోరుతున్నాను. ఒక పూట మేడమ్ గారు కూడా అవ్వ పాత్ర వేస్తే మాకు సంతోషం.

అభ్యాసం

1. నాటకానికీ పాత్ర ఆటకూ తేడా ఏమిటి?
2. బ్యాంకులో ఖాతా తెరిచే కథకు నాలుగు పాత్రలు రాయండి.
3. అమీర్‌పేట హాస్టల్‌లో రూము అడగడానికి పోయిన అక్క మొదటి మాట ఏమనాలె? జవాబు ఈ కాగితం కింద పెన్సిలుతో రాయండి.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని